ప్రళయం రాని బుధవారం

సోమవారం పొద్దున్నుంచీ ఊళ్లో గొంతులు తెగుతూనే ఉన్నాయి.

జాతరకని మేపుకుంటున్న పొట్టేళ్లవి. ఎల్లుండి మధ్యాహ్నానికి ప్రపంచమే ఉండదని టీవీలో చెప్పాక, ఇంకా ఎవరి కోసం దాచిపెట్టాలన్నారు జనం. నల్లగుండ్లపల్లి వీధుల్లో నెత్తురు సన్నటి కాలువలు కట్టింది. వాన చుక్క పడితే గుటుక్కున మింగేసే నేల, దీన్ని మాత్రం పైపైనే వదిలేసింది. కుక్కలు తిని తిని కదల్లేక నీడల్లో పడుకున్నాయి. రోజూ సంగటి, ఊరిమిండి పచ్చడితో సరిపెట్టుకునే ఇళ్లలోంచి కూడా మసాలా వాసన వస్తోంది.

సరళ వంటింటి గుమ్మంలో నిలబడి చూస్తుండగా, ఆమె భర్త తిప్పేష్ తమ పొట్టేలును పెరట్లోకి ఈడ్చుకొచ్చాడు. అత్త కదిరమ్మ తాడు లాగి పట్టుకుంది. ఒక్క వేటు. తల దూరంగా పడింది, నోరు ఇంకా ఆడుతూనే ఉంది. మొండెం కాళ్లు కొట్టుకుంటుంటే తిప్పేష్ అటు చూడలేదు. చేతిలోని వేటకొడవలిని వెలుతురుకు పట్టి, అంచు మీద బొటనవేలు ఆనించి చూసుకున్నాడు.

పొట్టేలును కోయడానికి ఇంట్లో వేరే కత్తి ఉంది. ప్రతి ఏడూ దానితోనే కోస్తారు. వేటకొడవలి ఏడేళ్లుగా అటక మీద గోనెపట్టాలో చుట్టి ఉంది. అది ఎందుకు కిందికి దిగిందో సరళకు అర్థమైంది.

ఏడేళ్ల కిందట తిప్పేష్ అన్న రామాంజులును శ్రీరంగప్ప చంపాడు. తొలివాన పడిన మర్నాడు వజ్రకరూరు చుట్టుపక్కల చేలన్నీ వజ్రం దొరుకుతుందేమోనని తల వంచుకుని మెరిసే రాయి కోసం వెతికే జనంతో నిండిపోతాయి. ఆ ఏడు శ్రీరంగప్ప చేనులో రామాంజులుకు అనపగింజంత రాయి దొరికింది. దొరికినవాడిదే రాయి అన్నాడు రామాంజులు. చేను నాది అన్నాడు శ్రీరంగప్ప. చేని గట్టున, గెనిమ మీద మొదలైన మాట గెనిమ మీదే తెగింది. మెడ సగం తెగిన మనిషి ఇల్లు చేరలేదు. రాయిని తీయడానికి శవం వేళ్లు విరవాల్సి వచ్చింది. గుంతకల్లులో వ్యాపారి దాన్ని ఒకసారి చూసి, ఉత్త పలుగురాయి అని బల్ల మీద పడేశాడు.

సాక్షులు మాట మార్చారు, కేసు నిలవలేదు. రెండు ఇళ్లలోనూ కత్తులు నూరుకుంటుంటే ఊరి పెద్దలు ఆంజనేయస్వామి గుడిలో రాజీ చేశారు. శ్రీరంగప్ప తన కొడుకు కుళ్లాయప్ప తల మీద, తిప్పేష్ అప్పుడే పుట్టిన కూతురు జయంతి తల మీద చెయ్యి పెట్టి ఒట్టు వేశారు. నేను కత్తి ఎత్తితే ఈ బిడ్డ నాకు దక్కదు అని.

సరళ అప్పటికి పచ్చి బాలింత. అనంతపురంలో ఫిజిక్సుతో బీఎస్సీ చదివి ఆ ఇంటికి వచ్చిన పిల్ల. తన బిడ్డను తనను అడక్కుండా తాకట్టు పెట్టారని పళ్లు కొరుక్కుంది. కానీ ఒట్టు పనిచేసింది. సంతలో ఎదురుపడినా, బావి దగ్గర మాట జారినా, తిప్పేష్ ఇంటికొచ్చి కూతురి మొహం చూసి చల్లబడేవాడు. ఆ పిల్లకు చిన్న దగ్గు వచ్చినా, తన మనసులో ఏమైనా అనుకున్నానేమో అని లెంపలు వేసుకునేవాడు.

*

"యాడో దేశంలో భూమి కింద దొడ్డ మిషను కట్టినారంట. దాంట్లోంచి బొక్క పుట్టి, అందరినీ మింగుతాదంట," అంది కదిరమ్మ, మాంసం తరుగుతూ.

"మింగే మిషను కాదత్తా. లోకం మొదలైనప్పుడు ఎట్లుండెనో చూసే మిషను," అంది సరళ.

"మొదలైనప్పుడు ఎట్లుంటే వాళ్లకేమి? ఉండేదాన్ని ఉండనిస్తే సాలదా?"

తిప్పేష్ గడప మీద కూర్చుని టీవీ చూస్తున్నాడు. తెర మీద ఒక మూల గడియారం వెనక్కి తిరుగుతోంది. ఎర్రటి మంటల్లో భూమి ముక్కలవుతోంది, మళ్లీ అతుక్కుంటోంది, మళ్లీ ముక్కలవుతోంది. పక్కన ఒక జ్యోతిష్కుడు అవునంటున్నాడు, ఒక సైంటిస్టు కాదంటున్నాడు. మధ్యలో కూర్చున్న అమ్మాయి ఇద్దరికీ తల ఊపుతోంది.

సరళ వెళ్లి అతని పక్కన కూర్చుంది. "కొడవలి ఎందుకు దించినావు?"

"పొట్టేలుకు."

"నాతో అబద్ధం ఎందుకు?"

అతను టీవీ మీద నుంచి చూపు తిప్పలేదు. "బుధవారం అందరూ పోతారు. నువ్వూ నేనూ పోతాం. నా బిడ్డా పోతుంది. ఒట్టు తీసుకపోయేది ఆ బిడ్డనే కదా? ఆ బిడ్డే లేనప్పుడు ఒట్టు దేన్ని తీసుకుంటాది? మా అన్న నన్ను ఏడేండ్లుగా అడుగుతాండాడు, సరళా. ఆ బొక్క మింగేదానికి ముందు నేను మింగాల ఆ శ్రీరంగప్పను."

సరళకు కోపం కంటే ముందు భయం వేసింది. ఎందుకంటే ఆ మాటలో తప్పు పట్టడానికి లేదు. మొదటి వాక్యం నిజమైతే మిగతావన్నీ నిజమే. కాబట్టి ఆ మొదటి వాక్యాన్నే పడగొట్టాలి. బుధవారం లోపల.

"వాళ్లు రెండు రేణువులను ఎదురెదురుగా గుద్దిస్తారు, అంతే," అంది. "అంతకంటే గట్టిగా గుద్దేవి ఆకాశంలో నుంచి రోజూ మన నెత్తిన పడతాండాయి. ఈ గుట్టలు పుట్టకముందు నుంచీ పడతాండాయి. ఏమైనాది మనకు?"

"వానను పడమంటే పడదు గానీ, అవి మాత్రం పడతాండాయా?"

"పడతాండాయి. కంటికి కనపడవు."

"నీకెట్ల తెలుసు మల్ల?"

ఆమె కాలేజీ రోజులు చెప్పింది. ఫిజిక్సు చెప్పే నాగేశ్వర సారు ఒక మధ్యాహ్నం పిల్లలందరినీ బయటికి తీసుకుపోయి, కాలేజీ కంచె తీగను కర్రతో కొట్టాడు. ఇక్కడ కొడితే ఒక మోత, అక్కడ బిగించి కొడితే ఇంకో మోత. లోకంలో ఉన్నవన్నీ ఇలాంటి తీగలేనని కొందరి లెక్క అన్నాడు. ఎంత సన్నవంటే, ఎవరూ చూడలేదు, చూడలేరు. ఒక తీరున మోగితే మన్ను, ఇంకో తీరున మోగితే వెలుతురు. మొదట్లో అన్నీ ఒకే చోట, ఊపిరి తిరగనంత ఇరుకులో మోగుతూ ఉండేవి. అక్కడి నుంచి చీల్చుకుని బయటికొచ్చిందే ఈ లోకం.

"అంటే నేనూ శ్రీరంగప్పా ఒకటే తీగ అంటావు," అన్నాడు తిప్పేష్.

"అంతే."

"అట్లయితే తెంపినా నొప్పి ఉండదులే." అతను నవ్వాడు. "ఒకటి చెప్పు. నువ్వు ఒట్టును నమ్మవు కదా? అది ఉత్త మాట అన్నావు ఆ దినమే. మరి నీకెందుకు ఇంత భయం?"

"నేను నమ్మను. నువ్వు నమ్ముతావు. నువ్వు నమ్మినావు కాబట్టే మనం ఇన్నేండ్లు బతికినాం. కొడుకును చంపితే తండ్రి ఊరుకోడు, తండ్రిని చంపితే కొడుకు ఊరుకోడు. వాళ్లు మల్ల మన ఇంటికి రారా?"

"ఎప్పుడొస్తారు? గురువారమా?" అన్నాడు తిప్పేష్. ఈసారి కదిరమ్మ కూడా నవ్వింది.

*

మంగళవారం పొద్దున సరళ పాత పుస్తకాల అట్టల మీద వెతికి నాగేశ్వర సారు ఫోన్ నంబరు పట్టుకుంది. తన మాట వినని భర్త, కాలేజీ సారు మాట వింటాడనుకుంది. తిప్పేష్ సెల్ ఫోన్ తీసుకుని, స్పీకరు పెట్టి, అతని ముందే కలిపింది.

"ఎవరూ? సరళా? తొంభై ఎనిమిది బ్యాచా?" సారు గొంతు ముసలిదైనా సంతోషం మారలేదు. "చూసినావా అమ్మా, రేపే! నేను మీకు క్లాసులో చెప్పలేదూ, మీ పిల్లలు బడికి పోయేసరికి ఆ మిషను తిరుగుతుందని?"

"సార్, దాని గురించే. ఈడ అందరూ భయపడతాండారు. బ్లాక్ హోల్ పుట్టి భూమిని మింగుతుందని. మీరు ఒక్క మాట చెప్పండి సార్, మా ఆయన వింటాండాడు."

"అది కొట్టిపారేసే మాట కాదమ్మా!" అన్నాడు సారు ఉత్సాహంగా. "పుట్టొచ్చు. పుట్టాలనే నా కోరిక. మనకు కనపడని దిక్కులు కొన్ని చుట్టలు చుట్టుకుని ఉన్నాయంటుంది మన తీగల సిద్ధాంతం. అదే నిజమైతే ఆ మిషనులో చిన్న బ్లాక్ హోల్ పుట్టాల. పుట్టిందనుకో, ఇన్నేండ్లకు మొదటి సాక్ష్యం దొరికినట్టు..."

తిప్పేష్ చెయ్యి చాచి ఎర్ర బటన్ నొక్కాడు.

"ఆగు! ఆయన చెప్పేది ఇంకా అయిపోలేదు. పుట్టినా అది రెప్పపాటు కూడా ఉండదు, ఆవిరైపోతుంది. ఆ మాటే చెప్పబోతాండాడు."

"పుట్టాలనే కోరిక అన్నాడు మీ సారు. నేను విన్యా."

ఫోన్ మోగింది. సారే మళ్లీ చేస్తున్నాడు. తిప్పేష్ దాన్ని ఆఫ్ చేసి చొక్కా జేబులో వేసుకున్నాడు. సరళ జేబులోకి చెయ్యి పెట్టబోతే మణికట్టు పట్టి మెలితిప్పాడు. ఎముక కటుక్కుమంది. మూలన బొమ్మలు గీసుకుంటున్న జయంతి తలెత్తింది. "నాయనా, అమ్మ చెయ్యి ఇడ్సు," అంది. అతను విడిచిపెట్టాడు.

*

ఆ మధ్యాహ్నం సరళ, వాచిన మణికట్టుకు పసుపు గుడ్డ చుట్టుకుని, ఏడేళ్లలో ఎన్నడూ పోని వీధిలోకి పోయింది. శ్రీరంగప్ప ఇంటి ముందు అతని భార్య మారెమ్మ కందులు చెరుగుతోంది. సరళను చూసి చేట కింద పెట్టింది. శ్రీరంగప్ప పశువుల కొట్టంలోంచి బయటికొచ్చాడు. పొట్టి మనిషి, నెరిసిన మీసం.

"ఏమ్మా, దావ తప్పినావా?"

"మామా, రేపు ఒక్క దినం ఊళ్లో ఉండొద్దు. ఉరవకొండకో గుంతకల్లుకో పో. సాయంత్రానికి వచ్చేయ్."

"ప్రళయమొచ్చే దినం ఇల్లిడిసిపెట్టి గుంతకల్లు టేషన్లో సావాల్నా నేను?"

"ప్రళయం లేదు, ఏమీ లేదు. మా ఆయన కొడవలి దించినాడు."

శ్రీరంగప్ప తల అడ్డంగా ఊపాడు. "తిప్పేషు బిడ్డ తల మీద సెయ్యి పెట్టినాడు. ఎట్లాంటోడైనా వానికి బిడ్డ మీద పానం. వాడు ఎత్తడు."

అక్కడ ఆగిపోయి ఉంటే బాగుండేది. కానీ సగం చెప్పి వదిలే అలవాటు సరళకు లేదు. భర్త అన్న మాటలు ఉన్నవి ఉన్నట్టు చెప్పింది. లోకమంతా పోయేటప్పుడు బిడ్డ కూడా పోతుంది కాబట్టి ఒట్టుకు తీసుకోవడానికి ఏమీ మిగలదని అతను లెక్క వేశాడని చెప్పింది.

శ్రీరంగప్ప మీసం మీద చెయ్యి ఆగిపోయింది. ఆ లెక్కను అతనూ మొదటి నుంచి చివరి దాకా వేసుకుంటున్నాడని ఆమెకు కనిపించింది.

"అట్లయితే," అన్నాడు నిదానంగా, "నా కొడుకు మీది ఒట్టు గూడా పోయినట్టే కదమ్మా."

"మామా, అది తప్పు లెక్క. దానికోసమే నేను..."

"నువ్వు సదువుకున్నదానివి. బాగా సెప్పినావు. పో, మీ అత్త సూస్తే కొడుతుంది."

మారెమ్మ వీధి మలుపు దాకా ఆమె వెంట వచ్చింది. బెంగళూరులో లారీ క్లీనరుగా ఉన్న కుళ్లాయప్ప కోసం పొట్టేలు తొడ ఒకటి ఎండబెట్టానని, లోకం పోయేటట్టుంటే వాడు ఈసరికి బయల్దేరి వచ్చేవాడని, రాలేదంటే పోదనే కదా అని, తనలో తాను మాట్లాడుకున్నట్టు అంది. తర్వాత ఉన్నట్టుండి సరళ భుజం పట్టి నొక్కింది. "నీ మొగుణ్ని నువ్వు కట్టేసుకో. నా మొగుణ్ని నేను కట్టేసుకుంటా. పో."

*

బుధవారం ఎండెక్కేదాకా తిప్పేష్ లేవలేదు. రాత్రి మాంసం తిని, తాగి పడుకున్నాడు. సరళ గది తలుపుకు బయటి నుంచి గొళ్లెం పెట్టి, దాని మధ్యలో రోకలి దూర్చి, జయంతిని ఒళ్లో పెట్టుకుని తలుపుకు వీపు ఆనించి కూర్చుంది. మధ్యాహ్నం గడిస్తే చాలు. ఆ గంట గడిచి, లోకం ఉందని అతను కళ్లతో చూస్తే, ఒట్టు మళ్లీ పనిచేస్తుంది. తను నమ్మని దాని మీదే తన ఆశంతా పెట్టుకుని కూర్చుంది.

లోపల లేచిన చప్పుడైంది. తలుపు ఊగింది. "సరళా! తియ్!" మొదట చెయ్యి, తర్వాత కాలు, తర్వాత ఒళ్లంతా తలుపు మీద పడుతోంది. దెబ్బదెబ్బకూ ఆమె పళ్లు టకటకమంటున్నాయి. జయంతి చెవులు మూసుకుంది.

కదిరమ్మ పెరట్లోంచి వచ్చింది. సరళ జడ చేతికి చుట్టుకుని పక్కకు ఈడ్చింది. పిల్ల ఒళ్లోంచి దొర్లి పడింది. సరళ గడప పట్టుకుంటే కదిరమ్మ ఆమె వాచిన మణికట్టు మీద మడమతో తొక్కింది. "నా కొడుకు నెత్తుర్ను నేను కడిగినా. నువ్వు కడిగినావా? నువ్వు కడిగినావే?" అంటూ రోకలి లాగేసింది.

తిప్పేష్ వాళ్లిద్దరి మీదుగా దాటి, కొడవలి తీసుకుని పోయాడు. కూతురి వైపు చూడలేదు. చూడకుండా ఉండడానికి మొహం గోడకు తిప్పుకున్నాడు.

సరళ లేచి పరుగెత్తింది.

బస్సులు ఆగే చోట టీ హోటల్లో టీవీ పెట్టారు. ఊరు ఊరంతా అక్కడే ఉంది. ఇళ్లలో ఒంటరిగా చావడం ఇష్టం లేనివాళ్లు, బీడీలు కాలుస్తూ, పిల్లలను భుజాల మీద ఎక్కించుకుని గడియారం వైపు చూస్తున్నారు. శ్రీరంగప్ప ముందు బల్ల మీద, గోడకు వీపు పెట్టి కూర్చున్నాడు. తువ్వాలు ఒళ్లో పరుచుకున్నాడు.

"శ్రీరంగప్పా!" అన్నాడు తిప్పేష్.

శ్రీరంగప్ప తువ్వాలు తీశాడు. దాని కింద కొడవలి ఉంది. ఎదురుచూస్తూనే ఉన్నాడు.

జనం గోడలకు అంటుకుపోయారు. మొదటి వేటు శ్రీరంగప్పదే. తిప్పేష్ ఎడమ భుజం మీద పడి, కండ తెరుచుకుని తెల్లగా కనిపించి, ఆ తర్వాత నెత్తురు వచ్చింది. తిప్పేష్ అడుగు ముందుకేసి అడ్డంగా నరికాడు. శ్రీరంగప్ప చేతి వేళ్లు బల్ల మీద రాలాయి. కొడవలి పట్టుకోవడానికి వేళ్లు లేని చెయ్యి ఇంకా బల్ల మీద వెతుకుతూనే ఉంది. టీ గ్లాసులు పగిలాయి. రెండో వేటు మెడ మీద, మూడోది మొహం మీద. ఆ తర్వాత సరళ లెక్కపెట్టలేదు. చెట్టు నరికే చప్పుడు, తడి చెట్టు నరికే చప్పుడు. ఎవరో "సాలప్పా, సాలు, పోయినాడు!" అని అరుస్తున్నారు. తిప్పేష్ మోకాళ్ల మీద కూర్చుని ఇంకా నరుకుతూనే ఉన్నాడు.

చివరికి ఆపి, కొడవలిని ఆనించుకుని లేచి, హోటల్ బయటికి వచ్చి మొహం పైకెత్తి నిలబడ్డాడు. అతను ఎదురుచూస్తున్నాడని సరళకు తెలిసింది. ఇప్పుడు రావాలి. ఇప్పుడే, ఒకేసారి, అందరికీ.

ఎండ అలాగే కాసింది. లోపల టీవీలో తెల్లవాళ్లు లేచి నిలబడి చప్పట్లు కొట్టుకుంటున్నారు. ఒకరినొకరు కౌగిలించుకుంటున్నారు. తెర మూల గడియారంలో అన్నీ సున్నాలు. ఉరవకొండ బస్సు హారన్ కొడుతూ వచ్చి ఆగింది. కండక్టరు దిగబోయి, చూసి, మళ్లీ ఎక్కాడు.

"ఏమీ కాల్యా," అన్నారు ఎవరో గుంపులోంచి, మెల్లగా.

తిప్పేష్ మొహం కిందికి దించాడు. కొడవలి విసిరేశాడు. అందరూ అతను చేలల్లోకి పారిపోతాడనుకున్నారు. అతను ఇంటికి పరుగెత్తాడు.

సరళ చేరేసరికి అతను జయంతిని రెండు చేతులతో హత్తుకుని నేల మీద కూర్చుని ఉన్నాడు. భుజంలోంచి కారే నెత్తురుకు పిల్ల గౌను నల్లబడింది. అతను పిల్ల ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి చూస్తున్నాడు, గుండె మీద చెవి పెట్టి వింటున్నాడు.

"నాయనా, నీకు శానా నొస్తాందా?" అంటోంది పిల్ల.

అతను సరళను చూశాడు. "గుద్దించినారా? వాళ్లు గుద్దించేసినారా?"

గుద్దించారు, అయిపోయింది, ఇక లోకం పోదు, అని చెప్పవచ్చు. అతని మీద ఆమెకు ఆ క్షణంలో ఉన్నది జాలి కాదు. అయినా ఉన్నది ఉన్నట్టే చెప్పింది. "ఈ దినం ఊరికే తిప్పినారు. గుద్దించేది ఇంకా ఉండాది."

"ఎప్పుడు?"

"నెలో, రెండు నెలలో."

అతని మొహంలోకి ఏదో తిరిగొచ్చింది. "అంతదాకా బిడ్డను సూసుకో," అన్నాడు. "అంతదాకా ఉంటే సాలు. అందరితో పాటు పోతే నా వల్ల పోయినట్టు కాదు కదా? కాదు కదా, సరళా?"

పోలీసు జీపు వచ్చేదాకా అదే మాట అడుగుతూ ఉన్నాడు.

*

పది దినాలైనా కాకముందే ఆ మిషను చెడిపోయింది. పేపర్లో లోపలి పేజీలో చిన్న వార్తగా వచ్చింది. జైలు కమ్మీల అవతలి నుంచి తిప్పేష్ మొదట అడిగింది అదే.

"చెడిపోయింది. బాగుచేసేదానికి నెలలు పడతాదంట," అంది సరళ.

అతను కమ్మీలకు నుదురు ఆనించి ఏడ్చాడు. ప్రపంచం ముగియడానికి ఆలస్యమవుతోందని అంతగా ఏడ్చిన మనిషి ఇంకొకడు ఉండడు.

ఊళ్లో మాత్రం ఎవరికీ ఇప్పుడు మిషను సంగతి పట్టలేదు. అందరూ జయంతిని చూస్తున్నారు. కొళాయి దగ్గర ఆడవాళ్లు ఆ పిల్లకు దారి ఇచ్చేవాళ్లు. పక్కింటివాళ్లు తమ పిల్లలను ఆడుకోవడానికి పంపడం మానేశారు. పగ తీరిందని రెండు రోజులు తలెత్తుకుని తిరిగిన కదిరమ్మ, మనవరాలికి అన్నం కలిపి పెడుతూ ఏడ్చేది. ఇంకా ఎన్ని ముద్దలో అన్నట్టు చూసేది. సరళ ఆమె చేతిలోంచి గిన్నె లాగేసుకునేది.

ప్రతి పొద్దునా మారెమ్మ వీధి చివర వచ్చి నిలబడేది. జయంతి బడిసంచి తగిలించుకుని బయటికి రావడం చూసి వెళ్లిపోయేది.

ఎందుకో కొళాయి దగ్గరే తెలిసింది. లక్ష్మక్క అని ఒకామె, బిందె నిండేలోపు సరళ చెవిలో చెప్పింది. "నాయన సావుకొచ్చిన కుళ్లాయప్ప మల్ల బెంగళూరు పోలేదు. ఇంట్లోనే కొడవలి నూరుకోని ఉండాడు. వాళ్లమ్మే ఆపుతాంది. ఒట్టు తప్పినారు, దేవుడే ఆ బిడ్డను తీసుకుంటాడు, మీ నాయన గూడా కొడవలి ఎత్తినాడు, ఇంక నువ్వు సెయ్యి పెడితే నీ మీది ఒట్టుకు నువ్వే పోతావు అంటాంది. దీపావళి దాకా సూస్తా, అంతలోకి దేవుడు తీసుకోకపోతే నేనే తీసుకుంటా అన్నాడంట."

సరళ బిందె ఎత్తుకుని ఇంటికి నడిచింది. బిడ్డకు ఏమీ కాదని ఈ ఊళ్లో తెలిసింది తనకు ఒక్కదానికే. ఎవరూ చెయ్యి చేసుకోకపోతే ఆ పిల్ల ముసలిదయ్యేదాకా బతుకుతుంది. కానీ ఆ సంగతి అవతలివాళ్లకు తెలిసిన రోజే పిల్ల చస్తుంది. మొన్న ఊరి నమ్మకాన్ని ఒకదాన్ని పడగొట్టడానికి ఆమె పగవాడి ఇంటిదాకా పోయింది. ఇప్పుడు ఒట్టు మీద ఊరికున్న నమ్మకాన్ని తనే పట్టి నిలబెట్టాలి.

హత్య తర్వాత వీధిలో కాపలా పెట్టిన కానిస్టేబుళ్లు దీపావళికి వారం ముందు వెళ్లిపోయారు. ఆ మర్నాడు జయంతి బడికి పోలేదు. ఆ తర్వాతి రోజూ పోలేదు. సరళ కిటికీలు మూసింది. అత్తకు కూడా నిజం చెప్పలేదు. పిల్లకు జ్వరమని చెప్పింది, దగ్గరికి రానివ్వలేదు. కదిరమ్మ ఏడుపు వీధి వీధంతా వినిపించింది. అంతకంటే మంచి సాక్ష్యం దొరకదు.

మూడో పొద్దున సరళ పిల్లకు కంబళి కప్పి, భుజాన వేసుకుని, బస్సులు ఆగే చోటికి నడిచింది. చేతిలో ఒక్క గుడ్డసంచి. అందులో పిల్ల బట్టలు రెండు జతలు, తన డిగ్రీ కాగితం. గుంతకల్లులో తన పిన్ని కూతురు రైల్వే క్వార్టర్సులో ఉంటుంది. ఆమె ఒక ప్రైవేటు బడిలో సరళకు టీచరు పని మాట్లాడి పెట్టింది.

హోటల్ ముందు కుళ్లాయప్ప నిలబడి ఉన్నాడు, ఇంకో ఇద్దరితో. తండ్రిలాగే పొట్టి మనిషి. ఇంకా సరిగా మీసం రాలేదు. చొక్కా వెనక నడుము దగ్గర ఎత్తుగా ఉంది.

"యాడికి?" అన్నాడు.

"అనంతపురం. పెద్దాసుపత్రికి."

"ఏమైంది?"

"జరం. మూడు దినాల నుంచి దిగలేదు. కండ్లు తెరవడం లేదు." అబద్ధం ఇంత సాఫీగా వస్తుందని ఆమె అనుకోలేదు.

"దించు. సూస్తా."

అతను ఒక అడుగు ముందుకేశాడు. అంతలో వెనక నుంచి మారెమ్మ వచ్చింది. రోజూ నిలబడే చోట పిల్ల కనపడక వెతుక్కుంటూ వచ్చినట్టుంది. కొడుకును మోచేత్తో పక్కకు నెట్టి, "నువ్వు ముట్టొద్దు. సావుబిడ్డ," అంది. కంబళి అంచు ఎత్తింది.

జయంతి కళ్లు గట్టిగా మూసుకుని ఉంది. మరీ గట్టిగా. రెప్పలు అదురుతున్నాయి. మారెమ్మ అరచెయ్యి ఆ నుదుటి మీద పెట్టింది. నుదురు పొద్దుటి గాలికి చల్లగా ఉందని సరళకు తెలుసు. పిల్ల ఊపిరి బిగబట్టి ఉందని, ఇంకెంతో సేపు బిగబట్టలేదని కూడా తెలుసు.

మారెమ్మ చెయ్యి వెంటనే తీయలేదు. ఆమె చూపు సరళ చూపును పట్టుకుంది. ఆ కళ్లలో క్షమించడం లాంటిదేమీ లేదు.

"పెనం మాదిరి కాలిపోతాంది," అంది గట్టిగా, అందరికీ వినపడేలా. "అనంతపురం సేరదు. దావలోనే పోతుంది." కంబళి మళ్లీ పిల్ల మొహం మీదికి లాగింది. కొడుకు వైపు తిరిగింది. "ఇంటికి పదరా. దేవుడు సూసుకున్నాడు. నువ్వు బెంగళూరికి బయల్దేరు."

కుళ్లాయప్ప కదల్లేదు. మారెమ్మ అతని చెంప మీద ఛెళ్లుమని కొట్టింది. "పదమంటే సెవులు పని సెయ్యల్యా? నాకు ఒక శవం సాలు!" అని చొక్కా పట్టి ఈడ్చుకుపోయింది.

బస్సు వచ్చింది. సరళ ఎక్కి వెనక సీట్లో కూర్చుంది. బస్సు చెనక్కాయ చేలలోకి తిరిగింది. కంబళి కదిలింది.

"అమ్మా, ఉక్కపోతాంది. తీసేదా?"

"ఇంకా కొంచేపు," అంది సరళ, అద్దంలోంచి వెనక దారి చూస్తూ. "ఇంకో ఊరు రానీ."